గజ్జెల బాయి రేటు

ముత్తంగి దాటినంక బొంబాయి రోడ్డు పక్కనున్న గజ్జెల బాయికి చెడ్డపేరు. పొద్దుగూకితే లోపల్నుంచి గజ్జెల చప్పుడు... మనిషి మాత్రం కనవడదు. నైట్ డ్యూటీకి పోయే కంపెనీ పోరగాళ్లు సుత ఎనకకు సూడకుండ సైకిల్ తొక్కేటోళ్లట.

ఆ బాయి, దాని చుట్టూ ఎకరం చెలక పుష్పమ్మది. మొగడు పోయిన మనిషి. ఒక్కతే రాత్రిపూట నీళ్లు కట్టాలంటే పాణం దడదడ. అమ్ముదామంటే కొనేటోడు లేడు. ఆఖరికి పక్క చెలక మొగులయ్యే దయదలిచి సగం ధరకు కొన్నడు.

"నీ ధైర్యానికి దండం అన్నా!" అన్నది పుష్పమ్మ.

రెండేండ్లు తిరగకముందే నాలుగు లైన్ల రోడ్డు వచ్చింది. మొగులయ్య చెలక, కొన్న ఎకరం — రెండూ రోడ్డు కింద పోతున్నయ్. నష్టపరిహారం సంగతి అడగవోతే ఆఫీసుల సారు అన్నడు:

"ఈ చుట్టుపక్కల రిజిస్ట్రీ ఒక్కటే అయింది. నువ్వు కొన్నదే. అన్నిటికీ అదే రేటు."

"అది దెయ్యం రేటు సార్!"

"అంటే, దెయ్యం ఉన్నదా?"

"లేదు సార్..."

"లేకుంటే అది సరైన రేటే. ఉంటే — దెయ్యాల భూమికి సర్కారు ఎక్కువెందుకియ్యాలె?"

సారుకే జాలేసింది. "అమ్మినామెను తోలుకరా. భయానికి అగ్గువకు అమ్మిన అని చెప్తే సూద్దాం."

బస్సు దిగేసరికి చీకటి పడ్డది. ఒక్కడే నడుస్తున్నడు. బాయి కాడికి రాంగనే —

ఘల్...

ఆగిండు.

ఘల్... ఘల్...

బాయి గడ్డ మీద తెల్లగ ఏందో లేచింది... ఆయన దిక్కే వస్తున్నది...

"గజ్జెలు నేను విప్పేస్తి గదా!" అని మొత్తుకున్నడు మొగులయ్య. "బాయిలకు వంగిన తుమ్మకొమ్మకు నేను కట్టినయి రిజిస్ట్రీ అయిన రాత్రే విప్పేస్తి... ఇంకా యాడికెళ్లి మోగుతున్నయే తల్లీ!"

"మే..." అన్నది తెల్లమేక.

దాని ఎనక పుష్పమ్మ. తప్పిపోయిన మేక కోసం పాణం అరచేతిల పెట్టుకొని ఆ బాయి దాకా వచ్చింది. మేక మెడల గజ్జెలు.

మొగులయ్య కండువతోని చెమట తుడుసుకున్నడు. గొంతు తగ్గించిండు. "చెల్లె... రేపు జెర ఆఫీసుకు రా. భయానికి అగ్గువకు అమ్మిన అని సారు ముందట ఒక్క మాట చెప్పు. రేటు పెరుగుతది. నీకు సుత ఇంత ఇస్త."

"చెప్త అన్నా, నిజమే గదా," అన్నది పుష్పమ్మ మెల్లగ. "మరి... ఆ దెయ్యం ఎవరని సారు అడిగితే ఏం చెప్పాలె?"