తెరిచి ఉన్న పిస్టల్

కోచ్ తన కుర్చీలోనే చచ్చిపోయి ఉన్నాడు. తల బల్ల మీదకి వాలిపోయింది. కుడి కణతలో బుల్లెట్ దిగింది. చేతికందే దూరంలో పిస్టల్.

పొద్దున్న తొమ్మిదిన్నర. షూటింగ్ రేంజ్‌లో తుపాకులు టపటపా పేలే వేళ. అన్ని చప్పుళ్లలో ఆ ఒక్క చప్పుడు ఎవరు పట్టించుకుంటారు?

కేసు చూసిన ఇన్‌స్పెక్టర్‌ని స్టేషన్లో వెనకాల నత్త అంటారు. ముందు కూడా అంటారనుకోండి, ఆయన నవ్వి ఊరుకుంటాడు.

ఆత్మహత్యే, ఫైలు మూసేద్దామన్నాడు ఎస్సై. మూసేసేవాళ్లే. కోచ్ భార్య మూయనివ్వలేదు. రోజూ వచ్చి స్టేషన్ బెంచీ మీద కూర్చునేది. మంచినీళ్లిచ్చినా తాగేది కాదు.

"మా ఆయన మొండిఘటం బాబూ. మమ్మల్ని ఏడిపించడం మానేసి తనంతట తను పోయే రకం కాదు. ఎవరో చంపారు. ఎవరో తేల్చండి."

నత్త మళ్లీ రేంజ్‌కి కదిలింది.

ఆ పూట అక్కడ కోచ్ కాక ఉన్నది ముగ్గురే. కోచ్ బావమరిది, కోచ్ కూతురు, ఆ పిల్లతో పోటీపడే ఇంకో అమ్మాయి. ముగ్గురి చేతుల మీదా తుపాకీ మందు మరకలే, రోజూ కాల్చేవాళ్లాయె. పిస్టల్ కూతురిది. దాని మీద ఆమె వేలిముద్రలు కాక ఇంకెవరివి ఉంటాయి?

బావమరిది చెప్పాల్సింది చెప్పాడు. తను, ఆ రెండో అమ్మాయి అటు చివర రైఫిల్ డ్రిల్‌లో ఉన్నారట. టైమర్ కూయడం, గడువులోపు కాల్చడం, మళ్లీ కూయడం. గంటసేపు ఒకరినొకరు వదిలింది లేదు. పనిలో పనిగా, బావ తన చేతిలో టైమర్‌ని చూసుకున్నంత ముద్దుగా కన్నకూతురిని చూసుకోలేదని కూడా దెప్పాడు.

ఆ సాయంత్రం ఇన్‌స్పెక్టర్ కూతురిని పిలిపించాడు. పక్కన తల్లి కూర్చుంది.

"నాన్నని మొదట చూసింది నువ్వేనా?"

"నేనే."

"అప్పుడు పిస్టల్ ఎలా ఉంది?"

"మీరు చూసినట్టే ఉంది. నేనేదీ ముట్టుకోలేదు సార్."

"నీ తర్వాత ఎవరైనా?"

"లేదు. మీరొచ్చేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను. మామయ్యని కూడా లోపలికి రానివ్వలేదు."

ఇన్‌స్పెక్టర్ ఒక ఫోటో ముందుకు జరిపాడు.

తూటాలుండే మ్యాగజైన్ ఊడదీసి పక్కన పెట్టి ఉంది. పిస్టల్ పైనుండే స్లైడ్ వెనక్కి లాగి తెరిచి ఉంది. గొట్టం టార్గెట్ల వైపు తిరిగి ఉంది.

"రేంజ్‌లో బల్లల మీద పిస్టళ్లన్నీ ఇలాగే ఉంటాయి. అందుకే ఎవరి కంటికీ ఆనలేదు. నాకూ ఆనలేదు. కానీ కణతకి కాల్చుకున్న మనిషి లేచి, మ్యాగజైన్ తీసి, స్లైడ్ తెరిచి, గొట్టం అటు తిప్పి, మళ్లీ వాలిపోతాడా అమ్మా?"

ఆ పిల్ల ఫోటో వంక చాలాసేపు చూసింది. డ్రిల్ అయ్యాక పిస్టల్ ఖాళీ చేసి తెరిచి పెట్టాలి. మరిచిపోతే తండ్రి టైమర్‌తోనే వేళ్ల కణుపుల మీద కొట్టేవాడు. ఆ భయం వేళ్లలోకి దిగిపోయింది. వేళ్లు వాటి పని అవి చేసుకుపోయాయి.

"నేనా తీసింది?" అంది మెల్లగా. "నాకు గుర్తే లేదు."

"నాన్నని చూడగానే పిస్టల్ ఖాళీ చేశానని ఒక్క మాట అనుంటే, నేను ఫైలు మూసేసేవాణ్ణి."

"టీమ్‌లోంచి నన్ను తీసేశాడు సార్. రెప్పపాటు ఆలస్యమట. టైమర్ చూస్తూనే చెప్పాడు. నా మొహం చూడలేదు."

మహిళా కానిస్టేబుల్ వచ్చి ఆ పిల్ల పక్కన నిలబడింది.

తల్లి ఏడవలేదు. కూతురి వేళ్లు తన గుప్పిట్లోకి తీసుకుని, ఇన్‌స్పెక్టర్‌ని అడిగింది.

"ఆరేళ్లప్పటి నుంచి ఆయన దీన్ని చీకటితోనే లేపేవాడు బాబూ. అక్కడైనా కాస్త పడుకోనిస్తారా?"