ఊఁ కొట్టే కారు

2071 నవంబరులో ఒక మధ్యాహ్నం, తిరుమలేశు తన కారుతో కబుర్లు చెప్పుకుంటూ కదిరి నుంచి అనంతపురం వైపు వెళుతున్నాడు. అందులో వింతేమీ లేదు. అప్పటికి రాష్ట్రంలో లక్షల మంది తమ కార్లతో మాట్లాడుతున్నారు.

అతను గాలిమరల మెకానిక్కు. యాభై దాటాయి. ఒక మర నుంచి ఇంకో మరకు తిరగడమే ఉద్యోగం. మరల దగ్గర మనుషులుండరు. భార్య పోయాక ఇంటి దగ్గరా లేరు. ఆ పూట విరిగిన బోల్టు సంగతి చెప్పాడు, ఉదయం మాడిన ఉప్మా సంగతి చెప్పాడు. ప్రతి ముక్క చివరా కారు "ఊఁ" అంది. కాసేపటికి తిరుమలేశు ఆవలించాడు.

"కండ్లు మూతలు పడ్తాండాయి. రవ్వంతసేపు నువ్వు చూసుకోప్పా."

"ఊఁ" అంది కారు.

తిరుమలేశు స్టీరింగు మీంచి చేతులు తీశాడు.

కొంతదూరం పోయాక రోడ్డు మీద సగం మేర శనక్కాయలు ఆరబోసి ఉన్నాయి. తెల్లగీత వాటి కింద కనబడకుండా పోయింది. కారు గీత కోసం వెతికింది. దొరక్క, స్టీరింగును వణికించి డ్రైవరును పిలిచింది. ఆ వణుకు తెలియడానికి దాని మీద చేతులు లేవు. కారు వెళ్లి, గొడుగు కింద కాయలకు కావలి కూర్చున్న మాబున్ని అనే ఆమెను గుద్దింది. ప్రాణం దక్కింది గానీ, కుడికాలు పోయింది.

విచారణకు రోడ్డు భద్రతా సంఘం నుంచి సువర్చల వచ్చింది. ఒకప్పుడు కార్ల కంపెనీలో పనిచేస్తూ ఆ ఊఁను పుట్టించింది ఆమే.

కారులోని పరికరం పేరు అర్ధసారథి. గీతల మధ్య కారును నిలపడం, ముందు బండికి దూరం పాటించడం, అంతవరకే దాని పని. దారి చూడాల్సింది, స్టీరింగు పట్టాల్సింది మనిషే. ఆ సంగతి పేరులోనే ఉంది. జనం మాత్రం పేరు పొడుగైందని ముందు సగం కోసేసి సారథి అన్నారు.

సగం పని మనిషిదైతే ఆ మనిషికి నిద్ర పట్టకూడదు. మొదట్లో కారు మాటిమాటికీ గంట కొట్టేది. జనం విసుగెత్తి స్పీకరులో గుడ్డలు కుక్కారు. అప్పుడు సువర్చలకు ఉపాయం తట్టింది. మాట్లాడే మనిషి నిద్రపోడు. కథ చెప్పేవాడు ఆగకూడదంటే వినేవాడు ఊఁ కొట్టాలి. ఆమె తయారుచేసిన లిజనింగ్ మాడ్యూల్‌కు శ్రవణిక అని పేరు పెట్టారు. శ్రవణిక మాటల అర్థం జోలికి పోదు. గొంతు దిగే తీరును బట్టి వాక్యం అయిపోయిందని పసిగట్టి ఊఁ అంటుంది. నిద్రమత్తు ప్రమాదాలు సగానికి తగ్గాయి. ఆమెకు పతకం కూడా ఇచ్చారు.

ఊఁకు బదులు 'వింటున్నాను' అని కారు చేత అనిపించకూడదా అని అప్పట్లో ఒక సహోద్యోగి అడిగాడు. ఊఁ అయితే మాట ఇచ్చినట్టు ఉండదని ఆమె నవ్వేసింది. సంబంధం చూసొచ్చి "పిల్ల ఊఁ అందా?" అని అడిగే భాష తనదని ఆమెకు ఆ రోజు గుర్తు రాలేదు.

ప్రమాదం జరిగిన చోటే కారు ఆపుకుని సువర్చల, తిరుమలేశు కూర్చున్నారు. రోడ్డు మీద మళ్లీ కాయలు ఆరుతున్నాయి. కావలికి ఎవరూ లేరు. ఆసుపత్రికి రెండుసార్లు వెళ్లాననీ, మాబున్ని తనవైపు చూడలేదనీ తిరుమలేశు చెప్పాడు. సువర్చల వింది. తర్వాత దాపరికం లేకుండా సంగతి వివరించింది. కారే నడుపుతుందని నమ్మి చేతులు తీసి ఉంటే తప్పు పరికరానిది. లైసెన్సు, పని రెండూ నిలబడతాయి. తెలిసీ తీసి ఉంటే జైలు. తర్వాత స్టీరింగు ముట్టుకోనివ్వరు.

"నమ్మే తీశారు కదా?" అంది.

"తెలుసమ్మా. సగం పని నాదేనని కొన్నప్పుడే చెప్పినారు."

"మరెందుకు తీశారు?"

"చూసుకోప్పా అని నోరు తెరిచి అడిగితి. అది ఊఁ అనె. అన్నాక గూడా చేతులు పెట్టుకోని కూచుంటే ఏమనుకుంటాది? నిన్ను నమ్మలేదురా అని మొగం మీద చెప్పినట్టుండదా?"

"అది మిషను, తిరుమలేశు గారూ."

"మిషనే లేమ్మా. మొగమాటానికి మిషనని, మనిషని ఏముంది?"

డ్రైవర్లు చేసే పొరపాట్లన్నిటికీ సువర్చల దగ్గర పేర్లున్నాయి: అజ్ఞానం, అలసట, నిర్లక్ష్యం. మొహమాటం లేదు.

వాంగ్మూలం ఇంకా మొదలుకాలేదనీ, రికార్డరు నొక్కాక ఇదే ప్రశ్న మళ్లీ అడుగుతాననీ చెప్పింది. ఏ జవాబు ఇవ్వాలో చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకపోయింది.

"నమ్మినానంటే దాని నోరు మూయిస్తారా?" అన్నాడు తిరుమలేశు.

"మూయించాలి. అన్ని కార్లలోనూ."

"నాదాంట్లో గూడా?"

"మీదాంట్లో కూడా."

అతను దూరంగా తిరుగుతున్న మరల వంక చూశాడు. ఆ కొండ మీద తను ఒక్కసారైనా బిగించని బోల్టు లేదు. సువర్చల రికార్డరు నొక్కింది.

"కారే నడుపుతుందని మీరు నమ్మారు. అంతేనా?"

గాలి ఒకసారి వీచి ఆగింది.

"ఊఁ" అన్నాడు తిరుమలేశు.

యంత్రం దాన్ని 'అవును' అని రాసుకుంది. ఒప్పుకున్నాడో, వింటున్నాననే అన్నాడో సువర్చల రెట్టించి అడగలేదు.

ఆ వారంలోనే కార్లన్నీ మూగబోయాయి. మార్పు సరిగా జరిగిందో లేదో చూడటానికి కొన్ని కార్ల రికార్డింగులు సువర్చల గదికి చేరాయి. తిరుమలేశు కారుది ఆమె చివరికి దాచుకుంది. తెరిచి చూసింది. తెర మీద ఊఁ వినిపించిన చోట పడే గుర్తు అలాగే ఉంది. శ్రవణిక ఆగలేదన్నమాట. ఆమె శబ్దం పెంచి వింది.

తిరుమలేశు మర సంగతి చెబుతున్నాడు. గాలి తిరిగిందట. మాబున్ని ఈసారి మంచినీళ్లు తాగి పొమ్మందట. ప్రతి వాక్యం తర్వాతా ఖాళీ. ఎవరికో వదిలినట్టు, కొలిచి వదిలిన ఖాళీ. తర్వాత ఆవలింత.

"కండ్లు మూతలు పడ్తాండాయి. రవ్వంతసేపు నువ్వు చూసుకోప్పా."

ఇంజను మోత. కొంచెం తగ్గించిన గొంతుతో జవాబు వచ్చింది.

"ఊఁ."

కారుది కాదు. అతనిదే.

సువర్చల కింది గీత వైపు చూడటానికి భయపడింది. స్టీరింగు మీద చేతుల ఒత్తిడిని చూపే గీత అది. ఇన్నేళ్లలో అతని కారులో ఆ గీత ఒంటిచేతి ఎత్తు దాటింది లేదు. ఊఁ అన్న క్షణం నుంచి అది పైకి లేచింది. రెండు చేతులు, గట్టిగా. రోడ్డు పక్కన కారు ఆగేదాకా ఆ పట్టు సడలలేదు.

మాట ఇచ్చాక తప్పుతుందా మరి.