పదిహేడో నంబరు బూట్లు

"నీ తమ్ముడూ, వాడి దగ్గరున్న కోడ్ బుక్కూ క్షేమంగా రావాలి. లేకపోతే నువ్వు కూడా రానక్కర్లేదు," అని ఏజెంట్ నైన్‌కి చీఫ్ చెప్పి పదకొండు రోజులైంది.

తమ్ముడు మంచుదీవి మీద రహస్య రేడియో గుడిసెలో పద్నాలుగు నెలలుగా ఒంటరిగా ఉన్నాడు. వాడి కోసం నైన్ గడ్డం అతికించుకుని, పక్షుల ఎక్స్‌పర్ట్ వేషంలో సాహసయాత్రికుల ఓడ ఎక్కాడు. కాకికీ కొంగకీ తేడా తెలియని మనిషి రోజూ పక్షుల మీద లెక్చర్లు దంచుతున్నాడు. ఆ పొద్దున నైన్ ఓడలోనే ఉండిపోయాడు, యాత్రికులు దీవి చూసి వచ్చేశారు. సాయంత్రం తమ్ముడిని ఎక్కించుకుంటే మిషన్ పూర్తవుతుంది.

పదిన్నరకి ఫోటోగ్రాఫర్ అతని కేబిన్‌లోకి దూసుకొచ్చింది. ఆ అందగత్తె శత్రు ముఠాలో ఉంటూ మనకి పనిచేసే డబుల్ ఏజెంట్. కోడ్ వర్డ్ తడుముకోకుండా చెప్పింది. ముఠా బెదిరిస్తే పొద్దున దీవికి వెళ్లి గుడిసె కింద బాంబు పెట్టిందట, పదకొండింటికి పేలుతుందట. చెబుతూ ఏడ్చింది.

"ఇంకా టైముంది. బోటేసుకుని వెళ్లి మీ తమ్ముణ్ణి తెచ్చుకోండి."

నైన్ రేడియోలో పిలిస్తే జవాబు లేదు. ప్రయాణమని తమ్ముడు సెట్టు విప్పేసుంటాడు. దీవికి పావుగంట దారి. ఒక్క పరుగున బోట్ల గదికి చేరి, సిద్ధంగా ఉన్న ఒక్క బోటు తాడు విప్పబోతూ గోడ వంక చూసి ఆగిపోయాడు.

యాత్రికుల బూట్లు నంబర్ల వారీగా మేకులకి వేలాడుతున్నాయి. దీవి పక్షులకి రోగాలు అంటకుండా, దీవికి వెళ్లేముందూ, వచ్చాకా వాటిని గులాబీరంగు మందులో ముంచాలి. మిగతా అన్నిటి నుంచీ ఆ నీళ్లు కారుతున్నాయి. పదిహేడో నంబరు జత, ఫోటోగ్రాఫర్‌ది, పొడిగా ఉంది.

మందు తొట్టి పక్కన యాత్ర లీడర్ కాపలా కూర్చుంది. ముప్పై ఏళ్లుగా మంచుదీవులకి జనాన్ని తిప్పుతున్న పెద్దావిడ.

"మేడమ్, పొద్దున ఎవరైనా ముంచకుండా దిగారా?"

"మా అమ్మ వచ్చినా ముంచాల్సిందే బాబూ."

అంటే ఫోటోగ్రాఫర్ దీవికే వెళ్లలేదు. గుడిసెలో బాంబు లేదు. మరి ఈ తొందరంతా ఎందుకు? తమ్ముడినీ కోడ్ బుక్కునీ తన చేత్తోనే తెచ్చి ఈ బోటులో కూర్చోబెట్టడానికి. బాంబు ఇక్కడే ఉంది.

ఈ లెక్క తప్పితే మాత్రం తమ్ముడు పెట్టె సర్దుకుంటూనే చచ్చిపోతాడు. నైన్‌కి ఏడుపొచ్చింది. పేలుడు మందు పసిగట్టే వాచీ చలికి ఎప్పుడో చచ్చింది. లైఫ్ జాకెట్లు విసిరేశాడు, సీట్లు పీకాడు. ఏమీ లేదు. పది నలభై ఆరు. ఇక బయల్దేరినా దీవి అందదు. "తమ్ముడూ, క్షమించరా," అని గొణుక్కుంటూ గోళ్లు విరిగేలా అడుగు చెక్కలు ఒక్కొక్కటే లాగాడు. చివరి చెక్క ఊడేసరికి పది యాభై ఐదు.

దాని కింద ఎర్రంకెలు తిరుగుతున్నాయి. తొమ్మిది సెకన్లు. ఎత్తి, బలమంతా పెట్టి సముద్రంలోకి విసిరాడు. అది పేలి నీళ్లు ఓడ పైకప్పు దాకా లేచాయి.

పై డెక్‌లో బైనాక్యులర్‌తో దీవి వైపు చూస్తున్న ఫోటోగ్రాఫర్‌ని, నైన్ కేకేసి చెప్పగానే, నావికులు అక్కడే పట్టుకున్నారు. దూరంగా గుడిసెలోంచి ఒక చిన్న ఆకారం బయటికొచ్చి చెయ్యి ఊపింది. నైన్ కళ్లు తుడుచుకుని అప్పుడే దించిన ఇంకో బోటులోకి దూకబోయాడు.

లీడర్ చీపురు అడ్డం పెట్టింది. "బూట్లు?"

నైన్ వెనక్కొచ్చి, రెండు కాళ్లూ రెండుసార్లు ముంచాడు.