నీ ఇష్టం నాయనా

కంభం స్టేషన్ పక్కన మా కంపెనీకి ఇచ్చిన గదిలోకి వచ్చి, టేబుల్ మీద ఒక ఫారం జిరాక్స్ పెట్టి అడిగింది పావని.

"ఈ టిక్కు ఎవరు పెట్టినారు సార్?"

ఎండలో స్కూటీ మీద వచ్చినట్టుంది, ముఖం కందిపోయింది. కళ్లు మాత్రం చాలా బాగున్నాయి. అలాంటప్పుడు నాకది తోచడమే సిగ్గుచేటు.

"అంకన్న మామ ఒప్పుకున్నాకే నేను పెట్టినా మేడమ్."

"మా నాయన మీకెప్పుడు మామైనాడు? సరే, ఏమని ఒప్పుకున్నాడు?"

"నీ ఇష్టం నాయనా, అన్నాడు."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "మీదేవూరు?"

"మార్కాపురం."

"మార్కాపురంలో నీ ఇష్టం అంటే సరే అనా?"

నేను ఆ జిరాక్స్‌ను అటూ ఇటూ తిప్పాను.

రైల్వే పట్టాల పని మా ప్రైవేటు కంపెనీ చేతికి వచ్చింది. పాతవాళ్లు రైల్వేలోనే ఉంటే పాత పెన్షన్ ఉంటుంది, కంపెనీలోకి వస్తే పోతుంది. ఎటు ఉండాలో ఎవరికి వారే తేల్చుకుని ఫారంలో టిక్కు పెట్టాలి. అది చదివి చెప్పడం నా ఉద్యోగం. నేను ముందే సంతకాలు పెట్టించుకుని, "జీతం పెరుగుతాది మామా, కంపెనీ అని పెట్టేనా?" అన్నాను. పెన్షన్ మాట ఎత్తలేదు. రోజూ పట్టాల వెంట నడిచి బిగింపులు చూసే అంకన్నకు రిటైర్మెంట్ ఎనిమిది నెలల్లో ఉంది. ఆయన నన్ను ఓసారి చూసి, "నీ ఇష్టం నాయనా" అన్నాడు. నేను టిక్కు కొట్టాను. అలా పందొమ్మిది మందికి కొట్టాను.

నేను బైక్ కొంటానన్నప్పుడు మా నాన్న కూడా అదే మాటన్నాడు. తర్వాత వారం రోజులు నాతో మాట్లాడలేదు. కాబట్టి అర్థం తెలియక చేసిన తప్పని చెప్పుకోవడానికి కూడా లేదు.

"మార్చుకునేదానికి గడువు ఎప్పటిదాకా?" అంది పావని.

"రేపు సాయంత్రం ఐదింటికి."

"అయితే లెయ్యి." సార్ అనే మాట అక్కడితో పోయింది.

ముందు ఆమె స్కూటీ, వెనక నా బైకు. దారిలో వాన పట్టుకుంది. పట్టాల పక్కన టార్పాలిన్ కింద అంకన్నతో పనిచేసే గ్యాంగ్ వాళ్లంతా క్యారియర్లు విప్పుతున్నారు.

"పెన్షన్ పోతాదని నేను చెప్పలే. మిమ్మల్ని సరిగ్గా అడక్కుండానే టిక్కులు పెట్టినా," అన్నాను.

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. అంకన్న క్యారియర్ మూతలో సంగటి ముద్ద పెట్టి, "తిను నాయనా, తడిసిపోయినావు" అన్నాడు. సిగ్గుతో తలెత్తలేకపోయాను. పావని నీళ్ల బాటిల్ నా వైపు జరిపింది.

మర్నాడు ఆ టిక్కులు నావేనని కాగితం మీద రాసి, సంతకం పెట్టి, వాళ్లే నింపిన పందొమ్మిది కొత్త ఫారాలతో గిద్దలూరులో రైల్వే అధికారికి ఇచ్చాను. ఆయన తీసుకున్నాడు. వారంలో కంపెనీ నన్ను తీసేసింది.

"ఉద్యోగం పోయిందంట గదా. బాధగా ఉందా?" ఫోన్లో పావని.

"సిగ్గుగా ఉంది."

"ఉండనీ, మంచిదే."

ఆ తర్వాత రోజూ ఫోన్ చేసేది. సిగ్గు ఎంత తగ్గిందో కనుక్కోవడానికట. తగ్గిందంటే ఫోన్లు ఆగిపోతాయని నేను ఎప్పుడూ తగ్గలేదనే చెప్పాను. అందులో అబద్ధం కూడా పెద్దగా లేదు.

అంకన్న పాత పెన్షన్‌తోనే రిటైరయ్యాడు. అప్పటికి నేను మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో కుదురుకున్నాను. ఓ ఆదివారం వాళ్లింటికి వెళ్లాను.

"మామా, పావనిని నాకిస్తావా?"

అంకన్న తువ్వాలు సర్దుకున్నాడు. "నీ ఇష్టం నాయనా."

లేచి చెప్పులేసుకున్నాను.

"ఏంది, పోతాండావు?" పావని వాకిట్లో అడ్డం నిలబడింది.

"మీ నాయన వద్దన్నాడు గదా."

అంకన్న నవ్వాడు. "ఆ మాట బాగానే నేర్చుకున్నావు. నన్నయితే అడిగితివి. పాపను అడిగినావా?"

అడగలేదు. ఎనిమిది నెలలు సిగ్గుపడి కూడా మళ్లీ అదే పని చేశాను. చెవులు కాలిపోయాయి. చెప్పులు విప్పేసి ఆమె ముందుకు వచ్చాను.

"పావనీ, నీకు..."

"నాకు ఇష్టం," అంది. "టిక్కు నేనే పెట్టినా. మార్చుకునేదానికి గడువు లేదు."