గులాబీ రంగు సీసా

డాక్టర్ హాల్వర్సన్ తన ల్యాబ్‌లో కాఫీ కప్పు చేతిలో ఉండగానే చచ్చిపోయాడు. మెడ మీద ఒక్క సూది గుర్తు.

"ఆయన తయారుచేసిన స్టెరాయిడే ఆయన్ని చంపింది," అంది చీఫ్ మార్లీన్. "ఆడ హార్మోన్‌కి చుట్టం అది. మామూలు హార్మోన్ కణం లోపలికి వెళ్లి పని మొదలెట్టడానికి గంటలు పడుతుంది. ఇది కణం గోడ దగ్గరే కబురు చెబుతుంది. క్షణాల్లో రక్తనాళాల కండరం పట్టు వదిలేస్తుంది. నాళాలన్నీ ఒకేసారి వదులైతే, ఇక బీపీ ఎక్కడుంటుంది?"

ఏజెంట్ టోర్విక్ తల ఎత్తలేదు. ఆరు వారాలుగా ల్యాబ్‌లో సీసాలు కడిగేవాడి వేషంలో ఆ ముసలి డాక్టర్‌కి కాపలా ఉన్నది అతనే.

"ఏడుపు తర్వాత," అంది మార్లీన్. "ఆ స్టెరాయిడ్‌ని విదేశీ ముఠాకి అమ్మిందెవరో మన సాక్షి సండ్‌బీకి తెలుసు. పది గంటలకి కోర్టులో పేరు చెబుతాడు. ఈలోపు వాళ్లు అతన్నీ ఆ సూదితో పొడవొచ్చు. ముఠాలో మన మనిషి ఇల్సా విరుగుడు తెస్తోంది. సండ్‌బీకి అది ముందే ఎక్కించాలి. కోడ్: 'మంచు కరిగిందా?' జవాబు: 'ఏప్రిల్ దాకా కరగదు.'"

తొమ్మిది నలభైకి మినియాపోలిస్ కోర్టు వెనక గదిలోకి ఇల్సా వచ్చింది. వెండిరంగు కోటు, ఎర్రటి పెదాలు. కోడ్‌కి సరిగ్గా జవాబు చెప్పింది. సాక్షి సండ్‌బీ చొక్కా చేయి మడుచుకుని కూర్చున్నాడు.

"ఇది పనిచేస్తుందని నమ్మకమేంటి?" అన్నాడు టోర్విక్.

"సీసాలు కడిగేవాడికి సైన్స్ కూడా కావాలా?" నవ్వుతూ ఫోన్‌లో వీడియో పెట్టింది. "నిన్న నేనే చేశా, అచ్చం హాల్వర్సన్ పద్ధతిలో. ఎలుక రక్తనాళం ముక్క. స్టెరాయిడ్ వేస్తే వదులైంది. విరుగుడు వేస్తే బిగిసింది. చాలా?"

ఉంగరంలాంటి ముక్క రెండు తీగల మధ్య వేలాడుతోంది. చుట్టూ గులాబీ రంగు ద్రవం.

టోర్విక్‌కి తన మొదటి వారం గుర్తొచ్చింది. అదే ద్రవం బల్ల మీద పెడితే ముసలాయన సీసా ఎత్తి సింక్‌లో పారబోశాడు. "ఒరే దద్దమ్మా! ఆ రంగే ఆడ హార్మోన్‌లా పనిచేస్తుంది. హార్మోన్ పరీక్షకి రంగులేనిదే పెట్టాలి. నా దగ్గర పొరపాటున కూడా ఎవరూ ఈ పని చేయరు!"

హాల్వర్సన్ పద్ధతట! వీడియో అంతా నాటకం. మరి ఆమె తెచ్చిన సిరంజిలో ఉన్నదేమిటి?

ఈలోపే ఇల్సా చేతిలోని సూది మొన సండ్‌బీ చర్మాన్ని తాకింది. టోర్విక్ ఆమె మణికట్టు ఒడిసిపట్టాడు.

"ఇంకా అనుమానమేనా?"

"లేదు. ముందు నువ్వు వేసుకో."

ఆమె నవ్వు ఆగిపోయింది. "పిచ్చా నీకు? ఉన్నది ఒక్కటే డోసు."

"సగం చాలు."

ఆమె ఒక్కసారిగా విదిలించుకుని సూదితో అతని మెడ మీదికి దూకింది. టోర్విక్ ఆ చేతిని వెనక్కి మెలిపెట్టాడు. సూది ఆమె తొడలోనే దిగబడింది. ఆమె కుర్చీ అందుకోబోయి, అందుకోకుండానే కూలిపోయింది.

పదింటికి సండ్‌బీ కోర్టులో పేరు చెప్పాడు.

"ఎలా పట్టావయ్యా?" ఫోన్‌లో మార్లీన్.

"ఆరు వారాలు సీసాలు కడిగాను మేడమ్," అన్నాడు టోర్విక్. "ముసలాయన్ని కాపాడటం తప్ప అన్నీ నేర్చుకున్నాను."