బ్రేకమ్మగారి కంప్యూటరు

ఆ పొద్దున కొడుకు ఒంటి మేజోడుతో మంచం కిందికి దూరాడు. కోడలు పొయ్యి మీది పాలకీ చేతిలోని దువ్వెనకీ మధ్య పరుగులు పెడుతోంది. హాల్లో అమ్మ కొండ ఎక్కుతోంది.

కొండంటే నిజం కొండ కాదు. భోజనాల బల్లకి బిగించిన ఆట స్టీరింగు, బల్ల కింద పెడళ్లు, ఎదురుగా ఒక కంప్యూటరు. దాని తెర మీద మంచు పడుతున్న దారిలో ఓ ఎర్రకారు దూసుకుపోవాలి. అది కాస్త దూరం పోయి బిగుసుకుపోతోంది. మళ్లీ కదిలేసరికి లోయలో ఉంటోంది.

"దీని దుంప తెగ! మలుపు దాటిపోయాక రోడ్డు చూపిస్తే నేనేం చేసుకోను?" అంది అమ్మ.

ఆవిణ్ణి అమ్మా అని పిలిచేది ఒక్క కొడుకే. మిగతా ఊరందరికీ బ్రేకమ్మగారు. ముప్ఫై ఏళ్లు డ్రైవింగు నేర్పింది. నేర్పే కారులో పక్కసీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాడు గోడ మీదికి పోతుంటే పక్కనున్నవాళ్లు తొక్కడానికి. ఆవిడ కాలు అన్నేళ్లూ దాని మీదే ఉంది. ఆ పేరు మొదట్లో కుర్రకారు వెక్కిరింపుగా పెట్టిందే అయినా, పోనుపోను గౌరవంగా మారింది.

కిందటేడు మోకాలికి ఆపరేషన్ అయింది. ఆవిడ ఆస్పత్రి మంచం మీద ఉండగానే కొడుకు కారు అమ్మేశాడు. ఇంటికొచ్చి చూసుకుంటే షెడ్డులో నూనె మరక మాత్రం మిగిలి ఉంది. అమ్మ ఏమీ అనలేదు. ఊరికే ఊరుకునే మనిషి కాదు కదా, ఊరుకుందంటే ఒప్పుకున్నట్టే అనుకున్నాడు కొడుకు. అక్కడే పప్పులో కాలేశాడు.

పళ్ల డాక్టరైన కోడలే తను చదువుకునే రోజుల్లోని కంప్యూటరు దుమ్ము దులిపింది. ఎవరో వాడి వదిలేసిన స్టీరింగూ పెడళ్లూ తెచ్చి బిగించింది. "కాలు ఆడుతూ ఉండాలన్నారుగా అత్తయ్యా. గోడ వంక చూస్తూ ఆడించే కంటే ఇది నయం" అంది. కాలు ఆడింది. దాంతో పాటు మనిషీ తేరుకుంది. కొండదారుల ఆటలో రెండు భాగాలూ ఆడి ముగించేసింది. వచ్చే నెల మూడోది విడుదల. ముందుగా ఉచితంగా ఆడి చూడమని వదిలిన ముక్కతోనే పొద్దుటి నుంచీ ఈ తంటా.

"కంప్యూటరు షాపతను ఏమన్నాడు అత్తయ్యా?" అడిగింది కోడలు పాలు దించుతూ.

"తెర మీద బొమ్మ వేసే గ్రాఫిక్స్ కార్డు మార్చాలిట. అది మారిస్తే దానికి కరెంటిచ్చే పెట్టె చాలదట, అదీ మార్చాలిట. ఇంకాస్త మెమరీ కూడా వేయాలిట. అన్నీ పక్కన పెట్టి ఉంచమన్నాను. కావాలో వద్దో ఇవాళ చెప్తానన్నాను."

"మరి చెప్పేయండి."

"అదే తేలట్లేదమ్మాయ్. ఆట ఇంకా రానేలేదు. తీరా వచ్చాక బాగోకపోతే? రెండో భాగం కొత్తలో కార్లు గాల్లో తేలలేదూ?"

కొడుకు మేజోడుతో బయటపడ్డాడు. అతను పనిచేసేది వాహనాల బీమా ఆఫీసులో. రోజంతా గుద్దుకున్న కార్లు చూస్తాడు. కొత్తకారు కనపడ్డా సొట్టపడ్డాక అదెలా ఉంటుందో ఊహించుకునే రకం.

"ఈ వయసులో నీకీ రేసులేంటమ్మా? మళ్లీ దానికి కొత్త సామాను కూడానా? హాయిగా రెస్టు తీసుకోవచ్చుగా!"

"హాయి ఎక్కడుందో నాకు తెలుసులే. నీ రెండో మేజోడు తిరగేసి ఉంది చూసుకో" అంది అమ్మ, తెర మీంచి చూపు తిప్పకుండానే.

వాళ్లిద్దరూ వెళ్లాక ఇల్లు సద్దుమణిగింది. అమ్మ టీ పెట్టుకుని నిదానంగా ఆలోచించింది. డబ్బు సంగతి కాదు, ఆవిడ డబ్బు ఆవిడకుంది. కాని పూర్తిగా ఆడి చూడని ఆట కోసం తొందరెందుకు? రానీ, పదిమందీ ఆడనీ, ఏమంటారో విని అప్పుడు చూద్దాం. అలా ఒక నిర్ణయానికొచ్చి షాపుకి ఫోన్ చేసింది. షాపతను ఒకప్పుడు ఆవిడ దగ్గరే స్టీరింగు పట్టినవాడు.

"బాబూ, ఆ కార్డు సంగతి..."

"తీసేశాను మేడమ్! సార్ పొద్దున్నే ఫోన్ చేశారుగా. అమ్మకి ఇవన్నీ వద్దు, ఇంకెవరికైనా ఇచ్చేయమన్నారు. సాయంత్రం ఒకాయన వచ్చి తీసుకెళ్తానన్నాడు."

కొడుకు చెప్పిందీ అమ్మ చెప్పబోయిందీ ఒకటే. అయినా అరికాలి మంట నెత్తికెక్కింది. షెడ్డులో నూనె మరక కళ్లముందు మెదిలింది.

"ఎవరికీ ఇవ్వకు. అన్నీ పట్టుకుని ఇంటికి రా. ఇక్కడే బిగించు."

"మరి సార్..."

"నీకు రివర్సు నేర్పింది సారా, నేనా?"

"సాయంత్రానికల్లా వస్తాను మేడమ్" అన్నాడు షాపతను.

సాయంత్రం కొడుకూ కోడలూ కలిసే ఇల్లు చేరారు. భోజనాల బల్ల మీద కంప్యూటరు పొట్ట విప్పుకుని పడుకుని ఉంది. షాపతను స్క్రూడ్రైవరుతో అందులోకి వంగి ఉన్నాడు. అమ్మ పక్కనే కుర్చీ వేసుకుని టార్చి పట్టుకుంది.

కొడుక్కి చిర్రెత్తుకొచ్చింది. "వద్దని చెప్పానుగా!"

"ఎవరికి చెప్పావు?"

షాపతను మెల్లగా సంచీ అందుకున్నాడు. "మేడమ్, నేను రేపొస్తానండీ."

"కూర్చో" అంది అమ్మ, నడిరోడ్డు మీద శిష్యులతో అనే గొంతుతో. అతను ఠక్కున కూర్చున్నాడు. ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "చెప్పు. ఎవరికి చెప్పావు? నాకా?"

"ఎవరికైతేనేం? ఆటే రాలేదు, అప్పుడే ఇవన్నీ ఎందుకని..."

"నేనూ అదే అనుకున్నాను. తర్వాత చూద్దామని చెప్పడానికే షాపుకి ఫోన్ చేశాను."

కొడుకు నోరు వెళ్లబెట్టాడు. "మరి ఎందుకు తెప్పించావు?"

"నా బదులు నువ్వు చెప్పావు కాబట్టి."

"ఇదెక్కడి గొడవమ్మా! ఇద్దరిదీ ఒకే మాట అయినప్పుడు..."

"మాట ఒకటే. కాని చెప్పాల్సిన నోరు నాది. కారప్పుడూ ఇంతే చేశావు."

ఆ ఇంట్లో ఏడాదిగా ఎవరూ ఎత్తని మాట అది. కోడలు చేతిలోని సంచీ కింద పెట్టడం కూడా మర్చిపోయింది.

"అప్పుడు నువ్వు ఆస్పత్రిలో ఉన్నావు" అన్నాడు కొడుకు, నీళ్లు నములుతూ.

"కట్టు కాలికి కట్టారు, నోటికి కాదు. ఒక్కసారి మంచం పక్కన నిలబడి 'అమ్మా, అమ్మనా' అని అడిగావా? నిన్ను చదివించిన కారురా అది. నేను చచ్చినట్టే లెక్కేసి సర్దేశావు."

"అత్తయ్యా, అంత మాట వద్దు" అని, కోడలు మొగుడి వైపు తిరిగింది. "నేనప్పుడే అడగమన్నాను. మీరు విన్నారా?"

"భయమేసింది!" అని అరిచాడు కొడుకు. "నేను రోజూ చూసేవి అవేగా. పక్కసీటు దాకా నలిగిపోయిన కారు ఫోటో చూసినప్పుడల్లా అందులో నువ్వే కనపడతావు. చిన్నప్పటి నుంచీ అంతే. నువ్వు పొద్దున పనికి బయల్దేరితే నా ప్రాణం నా దగ్గర ఉండేది కాదు. ఆ కాలితోనే మళ్లీ ఎక్కేస్తావని అమ్మేశాను. ఇవాళ ఇది కొననిస్తే రేపు నిజం కారంటావని..."

మిగతాది చెప్పలేక కుర్చీలో కూలబడ్డాడు. అమ్మకి లేచి వెళ్లి వాడి తల నిమరాలనిపించింది. అయినా లేవలేదు. ఇప్పుడు లేస్తే ఈ మాట మళ్లీ ఏడాది పాటు అటకెక్కుతుందని ఆవిడకి తెలుసు.

"నాకు భయం లేదనుకున్నావా? రోజూ వేసేది. ఊళ్లో వాళ్లు బ్రేకమ్మ అన్నారు గానీ, నేను తొక్కింది తక్కువరా. తప్పు చేస్తాడేమో, చేస్తాడేమో అని ముందే తొక్కేస్తే వాడికి జన్మలో డ్రైవింగు రాదు. కాలు బ్రేకు మీదే పెట్టుకుని, తొక్కకుండా ఉగ్గబట్టుకుని కూర్చోవాలి. గోడ మరీ దగ్గరికొస్తేనే తొక్కాలి. నేను ముప్ఫై ఏళ్లు చేసింది అదే." కళ్లొత్తుకుంది. గొంతు మాత్రం తగ్గించలేదు. "నాకింకా గోడ దగ్గరికి రాలేదు. వస్తే చెబుతాను. అప్పటిదాకా నా కారూ నా కంప్యూటరూ ఏం చేసుకోవాలో నన్నడుగు."

షాపతను ఆఖరి స్క్రూ బిగించి, ఎటు చూడాలో తెలియక కొడుకు వైపు చూశాడు.

"సార్, స్విచ్చి వేయమంటారా?"

కొడుకు అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. "నన్నెందుకు అడుగుతారు? అమ్మది. అమ్మనడగండి."

అమ్మ గభాలున మొహం తిప్పుకుంది. "వెయ్యి బాబూ" అంది.

తెర మీద మంచు ఒక్కొక్క రేకుగా రాలింది. దారి మలుపు తర్వాత మలుపుగా కొండ కొస దాకా కనపడింది. కోడలు సంబరంగా చప్పట్లు కొట్టింది. అమ్మ స్టీరింగు పట్టుకుని, ఎడంపక్కన ఖాళీగా ఉన్న కుర్చీ చూపించింది.

"రా. కూర్చో."

కొడుకు కూర్చున్నాడు. ఎర్రకారు కదిలింది. మొదటి మలుపు దగ్గర అమ్మకి ఏదో టపటపా చప్పుడు వినపడింది. కొడుకు కాలు నేలని తొక్కుతోంది. రెండో మలుపు దగ్గర ఇంకా గట్టిగా తొక్కింది.

"అక్కడ బ్రేకు లేదురా" అంది అమ్మ మెల్లగా.

కొడుకు తన కాలి వంక చూసుకున్నాడు. సిగ్గూ ఏడుపూ కలిసి నవ్వొచ్చింది. కాళ్లు రెండూ కుర్చీ మీదికి లాక్కుని, చిన్నప్పటిలా మోకాళ్లు వాటేసుకున్నాడు.

మూడో మలుపులో అమ్మ వేగం తగ్గించలేదు. కారు పల్టీ కొట్టి, మంచులో దొర్లి, చెట్టుకి గుద్దుకుని ఆగింది. కొడుకు "అమ్మా!" అని కేకేశాడు. అమ్మ పకపకా నవ్వింది.

"ముప్ఫై ఏళ్లు కారు మీద ఒక్క గీత పడనివ్వలేదురా. గుద్దేస్తే ఇంత బావుంటుందని ఎవరూ చెప్పలేదు!" అని, మళ్లీ గేరు వేసింది.

కారు తిరిగి కొండ కింద నుంచి బయల్దేరింది. మూడో మలుపు దగ్గరపడింది. కొడుకు మోకాళ్లు గట్టిగా వాటేసుకున్నాడు గానీ, కాళ్లు కిందికి దించలేదు.