మాట కలవక ముందే మెతుకు

“పులుసులో ఉప్పు తక్కువైంది పిల్లా” అన్నాడు మాలకొండయ్య, మూడోసారి పులుసు పోయించుకుంటూ.

“అట్నా. తక్కువైన పులుసు ఇన్నిమాట్లు ఎందుకు పోయించుకుంటా ఉండావు?” అనింది ఆ పిల్ల.

“యాడన్నా ఒక గరిటెలో దొరుకుతుందేమోనని.”

ఆత్మకూరు బస్టాండు వెనక సందులో, బోర్డు కూడా లేని ఒక తాటాకు పందిరి కింద వాళ్లిద్దరికీ మాటలు మొదలైంది ఇట్లా. బస్సులు ఇంకా బొగ్గుతో నడిచే రోజులవి.

మాలకొండయ్య ఉదయగిరి రామనారాయణ కొడుకు. అతని తిండి గురించి చెప్పుకునే కథల్లో సగం అబద్ధమని తీసేసినా, మిగిలిన సగానికి రెండెడ్ల బండి కావాలి. ఒక పెళ్లిలో అతన్ని పులిహోర గంగాళానికి కాపలా పెట్టారట. పెళ్లివారు వచ్చి చూస్తే పులిహోర సంగతి అటుంచి, గంగాళమే కాస్త పలచబడి ఉందట.

ఆ రోజు అతను ఆత్మకూరుకి వచ్చింది పెళ్లిచూపులకి. పెద్దవాళ్లు తర్వాతి బస్సుకి వస్తారు. క్రాపు చేయించుకోవాలని సాకు చెప్పి, ఇతను తెల్లారుజామునే ముందు బస్సెక్కాడు. అసలు సంగతి వేరే. పిల్లది పెద్ద నోరని చేజర్ల చుట్టం ఒకడు చెవిలో వేశాడు. చూసి, నచ్చలేదని చెప్పి తిరిగి పోదామని ఉదయగిరిలోనే తీర్మానించుకున్నాడు. మరి బస్సు చార్జీ దండగ కాకుండా ఉండాలంటే ఆత్మకూరు హోటళ్లన్నా ఒక చూపు చూడాలి కదా. ఉదయగిరిలో అప్పటికి హోటలంటే బస్సాగేచోట ఒక టీ కెటిలూ, దాని పక్కన నిద్రపోయే మనిషీ.

బయలుదేరేముందు రామనారాయణ కొడుకుని నిలబెట్టి చెప్పాడు.

“మాట కలిసేదాకా పిల్ల ఇంట మెతుకు ముట్టబాక. ముట్టినావంటే సంబంధం ఒప్పుకున్నట్టే. మన తాతల కాడ్నుంచీ ఇదే కట్టుబాటు. నీ నోటి సంగతి తెలుసు గాబట్టి ముందే చెప్తా ఉండా.”

“హోటల్లో తినొచ్చా నాయనా?”

“తినుకో. హోటల్లో నీకు పిల్లనెవరిస్తారు?”

అనుమతి దొరికింది. బస్సు దిగ్గానే అయ్యరు హోటల్లో ఇడ్లీ తిన్నాడు. అది మెత్తగా, పిల్లికూన పొట్ట మాదిరి ఉంది. అక్కణ్ణుంచి అంగడి వీధిలో ఎర్రకారం దోసె. ఆ కారానికి అతని చెవుల్లోంచి పొగ లేస్తే, బస్సు బయల్దేరబోతుందనుకుని మూటలెత్తుకుని ఇద్దరు పరిగెత్తుకొచ్చారు. బస్టాండు మూల మీది బోండా మాత్రం బాగాలేదు. దాన్ని విసిరితే ఉదయగిరి కోటగోడకి బొక్క పడేది. అయినా పారేయడం ఎందుకని తిన్నాడు.

ఇక చాలనుకుంటూ ఉండగా, మామిడికాయ వేసిన చేపల పులుసు వాసన ఒకటి సందులోంచి వచ్చి అతని చొక్కా పట్టుకుంది. మర్యాదస్తుడు కాబట్టి పిలిచిన చోటికి పోయాడు.

అక్కడ ఈ పిల్ల. చెంగు నడుముకి దోపి, చేతిలో గరిటె పట్టుకుని, వచ్చినవాణ్ణి కిందినుంచి పైదాకా ఒక చూపు చూసింది. ఆ చూపు తగిలినచోట కాస్త మండింది. ఇందాకటి ఎర్రకారం ఇంకా దిగలేదు కాబోలనుకున్నాడు మాలకొండయ్య.

ఆకు వేసి వడ్డించి, ఆ ఉప్పు మాట అయ్యాక అడిగింది, “ఏ ఊరయ్యా మీది?”

“ఉదయగిరి.”

“చెక్క గరిటెల ఊరా? అమ్మడానికి వచ్చినావా?”

“లేదు, పిల్లని చూడ్డానికి. పెద్దవీధిలో రామలక్ష్మమ్మ గారి మనవరాలంట. పేరు పెంచలమ్మ.”

గిన్నెలో గరిటె ఆగింది.

లోపల్నుంచి ఒక ముసలి గొంతు, “పెంచలా, అన్నం వార్చినావా?” అని కేకేసింది. మాలకొండయ్యకి చీమ కుట్టినట్టు కూడా లేదు. పెంచలకోన స్వామి పేరు పెట్టుకునే ఆ పక్క ఊళ్లలో రాయి విసిరితే ఒక పెంచలమ్మకి తగులుతుంది, జారి కింద పడితే ఒక పెంచలయ్య కాలి మీద పడుతుంది.

“ఆ పిల్ల ఎట్టుంటుందంట?” అనింది ఈ పెంచల, గరిటె మళ్లీ కదిలిస్తూ.

“మనిషి బాగుంటుందంట. నోరే, మిరపకాయ బజ్జీ మింగిన కాకి మాదిరంట. నచ్చలేదని చెప్పి పోదామని వచ్చినా.”

“చూడకుండానే?”

“చూసే చెప్తాలే. న్యాయంగా ఉండాల గదా.”

ఆ పిల్ల గరిటె గిన్నెలో వదిలేసింది. లోపలికి పోయి పొగలు గక్కే అన్నం తెచ్చి గుట్టగా పెట్టింది. నెయ్యి వేసింది. చేప నడుం ముక్క ఏరి మరీ వేసింది. “తిను. బాగా తిను” అనింది. హోటలువాళ్లు ఇంత ప్రేమగా వడ్డించడం మాలకొండయ్య ఎక్కడా చూడలేదు. ఆత్మకూరు నీళ్ల గుణమనుకున్నాడు.

ఇంతలో వాన మొదలైంది. తాటాకు పందిరి వానని ఆపే రకం కాదు, వడగట్టే రకం. ఆ పిల్ల గబుక్కున చేట తెచ్చి అతని ఆకు మీద అడ్డంగా పట్టుకుంది.

“నా నెత్తిమీద పట్టరాదా?” అన్నాడు అతను, ముక్కుమీదనుంచి నీళ్లు కారుతుంటే.

“నువ్వు తడిస్తే ఆరతావు. అన్నం ఆరతుందా?”

మాలకొండయ్య చెయ్యి నోటికి వెళుతూ వెళుతూ మధ్యలో ఆగిపోయింది. తిండి గురించి ఇంత సరైన మాట అతను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. తలెత్తి చూశాడు. చేట కింద వంగి, చెంప మీద ఒక వానచుక్కతో, నవ్వు ఆపుకుంటూ ఉంది ఆ పిల్ల. ఇక ఆ మండేది ఎర్రకారం కాదని తెలిసిపోయింది.

చెయ్యి కడుక్కుని సందు దాటేలోపే అతను రెండో తీర్మానం చేసుకున్నాడు. పెద్దవీధి పిల్లని వద్దని, పందిరి కింద పిల్లని కావాలని నాయనతో చెప్పెయ్యాలి. నాయన కొడతాడు. కొట్టనీ.

పెద్దవాళ్ల బస్సు మూడు జాములకి గానీ రాలేదు. ఎత్తు వచ్చినచోటల్లా బస్సు వాళ్లని మోయడం మానేసి, వాళ్లే బస్సుని తోశారు. రామనారాయణ మొహం నిండా బొగ్గు మసి. పొద్దున్నించీ పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ లేవు.

పెద్దవీధిలో ఇంటికి పోయి చాప మీద కూచున్నారు. అరటిపళ్లు తెస్తే రామనారాయణ చేత్తోనే వద్దన్నాడు. మాలకొండయ్య పక్కన కూచుని చెప్పాల్సిన మాట నోట్లో నములుతూ ఉన్నాడు. పిల్లని తీసుకొచ్చారు. కొత్త చీర, వంచిన తల. ఆ తల మెల్లగా లేచింది.

చెంప మీద వానచుక్క లేదు గానీ, తక్కినదంతా అదే.

ఆమె వెనక పెరటి తలుపు బార్లా తెరిచి ఉంది. తలుపు అవతల తాటాకు పందిరి. ముందు వాకిలి పెద్దవీధికి, వెనక వాకిలి సందుకి.

“ఈ అబ్బయ్య ఇందాక మన పందిట్లో తిన్నాడు గదే” అనింది రామలక్ష్మమ్మ అవ్వ, కళ్లు చికిలించి.

“ఏరా, తిన్నావా?” అన్నాడు రామనారాయణ.

“తిన్నా నాయనా.”

“ఏం తిన్నావు?”

“ఏం మిగిల్చినాడని అడగండయ్యా” అనింది పెంచలమ్మ.

రామనారాయణ అవ్వ వైపు తిరిగాడు. “హోటలు ఉండాదని సంబంధం చెప్పిన రమణయ్య మాతో అననేలేదే.”

“అంటే మీరు వచ్చేవాళ్లా?” అనింది అవ్వ. “వచ్చినోళ్లంతా హోటలు మూసెయ్యమన్నోళ్లే.”

“సరే. మావాడు మెతుకు ముట్టినాడు. మా వంశంలో మాట తప్పేది లేదు. సంబంధం ఖాయం. హోటలు మాత్రం మూసెయ్యాల.”

“తిన్నది ఆయన” అనింది పెంచలమ్మ. “మీ ఇంట్లో నేనేం తినలేదు గదా. నాకేం కట్టుబాటు? హోటలు మూయను. ఈయన్ని చేసుకోను. కాకి మాదిరి అరిచేదాన్ని మీకెందుకు?”

మాలకొండయ్యకి ఆ పొద్దు తిన్న ఇడ్లీలు, దోసెలు, బోండాలు ఒక్కసారిగా గొంతులోకొచ్చి కూచున్నాయి. ఇప్పుడు మాట్లాడకపోతే జన్మలో ఏం తిన్నా ఒంటబట్టదనిపించింది. లేచి నిలబడ్డాడు.

“కాకి అన్నది నేనే నాయనా. చూడకుండా అన్నా, తప్పు. ఈ సంబంధం వద్దని చెప్పడానికే వచ్చినా. తిన్నాక కూడా వద్దనే అనుకున్నా. ఎందుకంటే పందిట్లో పిల్లని చేసుకుంటానని నీతో చెప్పాలని. ఇప్పుడు ఇద్దరూ ఒకటే అయిపోతే నేను ఎవరిని వద్దనాల?”

పెంచలమ్మ పెదవి ఒక పక్కకి కదిలింది. “హోటలు?”

“మూస్తే నేనేం తినాల? చేపలు కడుగుతా. ఆకులెత్తుతా.”

“రామనారాయణ కొడుకు ఎంగిలాకులు ఎత్తడమా?” అని రామనారాయణ గట్టిగా లేవబోయాడు. మాట పూర్తి కాకముందే ఆయన కడుపు మాట్లాడింది. మామూలుగా కాదు. అవ్వ ఉరిమిందనుకుని, “పెరట్లో మిరపకాయలు ఎత్తండే” అని లోపలికి కేకేసింది.

ఎవరూ నవ్వలేదు. పెరటి తలుపులోంచి పులుసు వాసన మాత్రం మెల్లగా వచ్చి చాప మీద ఆయన పక్కనే కూచుంది. రామనారాయణ దానికేసి చూడకూడదని చూరు వాసాలు చూశాడు. కొడుకుని చూశాడు. ఆఖరికి తలుపు వైపే చూశాడు.

“మాట కలిసేదాకా మెతుకు ముట్టం” అన్నాడు, ఈసారి కొంచెం బలహీనంగా. “ఇంతకీ ఆ హోటలు ఎప్పుడు మూస్తారమ్మా?”

“మూయం మామా” అనింది పెంచలమ్మ.

అంతసేపూ అయ్యా అన్న పిల్ల. ఆ కొత్త పిలుపు ఇంట్లో అందరికీ వినపడింది. మాలకొండయ్యకైతే ఎక్కడెక్కడో వినపడింది. రామనారాయణ మసి మొహం ఉత్తరీయంతో తుడుచుకుని, మోకాళ్ల మీద చేతులు ఊని లేచాడు.

“చేతులు కడుక్కునే నీళ్లు యాడుండాయి?”

ఆకుల కట్ట ఎత్తుకుని మాలకొండయ్య అందరికంటే ముందు పందిట్లోకి నడిచాడు.

“తుడిచి వెయ్యి” అనింది వెనకనుంచి పెంచలమ్మ.

తుడిచి వేశాడు.